పీహెచ్‌డీ జవాబులు వచ్చే రోజుల్లో ఏం చేయాలంటే

గుంటూరు

చి. అమ్మడికి,

పెదనాన్న దీవెనలు. అమెరికా పీహెచ్‌డీ అప్లికేషన్లు డిసెంబరులోనే వెళ్లిపోయాయి, ఇక చేసేదేమీ లేదని అనుకోకు. జనవరి నుంచి ఏప్రిల్ 15 దాకా వచ్చే ప్రతి మెయిల్‌నీ సరిగ్గా చదవడం, వేళకు జవాబివ్వడం కూడా అడ్మిషన్‌లో భాగమే. మంచి మార్కులున్న పిల్లలు కూడా ఇక్కడే నష్టపోతుంటారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఒకటి చూసుకో. అప్లికేషన్లు కన్సల్టెన్సీ వాళ్లు నింపి ఉంటే, పోర్టల్‌లో ఇచ్చిన మెయిల్ ఐడీ ఎవరిది? నీది కాకపోతే ఇవాళే మార్పించి, పాస్‌వర్డులన్నీ నీ దగ్గర పెట్టుకో. ఇంటర్వ్యూ పిలుపు రెండు మూడు రోజుల గడువుతోనే రావచ్చు. అది ఇంకొకరి మెయిల్‌బాక్స్‌లో పడి ఉంటే నీకు తెలిసేసరికి వేళ దాటిపోతుంది.

పెద్ద యూనివర్సిటీల్లో పీహెచ్‌డీకి మనిషిని ఎంచేది డిపార్ట్‌మెంట్‌లోని ప్రొఫెసర్ల కమిటీ. అధికారికంగా లెటర్ ఇచ్చేది గ్రాడ్యుయేట్ స్కూల్, అంటే యూనివర్సిటీలో పీజీ, పీహెచ్‌డీ చదువులు చూసే విభాగం. అందుకని ముందు ప్రొఫెసరు నుంచి "నిన్ను సిఫారసు చేశాం" అని మెయిల్ రావచ్చు, అసలు లెటర్ తర్వాత వస్తుంది. సంతోషించు, కానీ ఆ మొదటి మెయిల్ నమ్ముకుని మిగతా చోట్ల వద్దని చెప్పేయకు. లెటర్ వచ్చాక కోర్సు పేరు మొదట చూడు. పీహెచ్‌డీకి అప్లై చేసినవాళ్లకు ఫండింగ్ (ఫీజు మాఫీ, ఖర్చులకు స్టైపెండ్) లేని ఎంఎస్ ఇవ్వజూపే యూనివర్సిటీలున్నాయి. అభినందనల మాట చూసి ఇంట్లో స్వీట్లు పంచేశాక ఆ సంగతి తెలిస్తే, లోను భారమంతా నాన్న మీద పడుతుంది.

ఫండింగ్ పేరా నిదానంగా, రెండు సార్లు చదువు. ట్యూషన్ మాఫీ ఎన్నేళ్లు? స్టైపెండ్ తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? తొమ్మిదికే అయితే వేసవి మూడు నెలలు ఎలా గడవాలో అడుగు. ట్యూషన్ మాఫీ అయినా కొన్నిచోట్ల స్టూడెంట్ ఫీజులు మనమే కట్టుకోవాలి. హెల్త్ ఇన్సూరెన్స్ వాళ్లే కడతారో లేదో రాసి ఉండాలి, లేకపోతే రాతలో తెప్పించుకో. రెండు ఊళ్ల స్టైపెండ్‌లను పోల్చేటప్పుడు అద్దె తీసేసి మిగిలేది చూడు. కాలిఫోర్నియాలో ఎక్కువగా కనిపించే అంకె అద్దె కట్టాక చిన్నదైపోతుంది.

డబ్బుకంటే ముఖ్యం గైడ్. ఆ ల్యాబ్‌లో ఇప్పుడున్న ఇద్దరు ముగ్గురు విద్యార్థులతో విడివిడిగా మాట్లాడు. పూర్తవడానికి ఎన్నేళ్లు పడుతోంది, మధ్యలో వదిలేసి వెళ్లినవాళ్లున్నారా, ఆయన యూనివర్సిటీ మారే ఆలోచనలో ఉన్నారా, గ్రాంటు ఎప్పటిదాకా ఉంది అని అడుగు. మొహమాటపడకు, అక్కడ ఇవి మామూలుగా అడిగే ప్రశ్నలే. నా దృష్టిలో, పేరున్న యూనివర్సిటీలో పట్టించుకోని గైడ్ కంటే కాస్త కింది ర్యాంకులో మంచి గైడ్ మేలు.

ఏప్రిల్ 15 గురించి. అమెరికాలో కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానం ఒకటుంది. దానికి ఒప్పుకున్న యూనివర్సిటీ ఫండింగ్‌తో ఆఫర్ ఇస్తే, ఏప్రిల్ 15 కంటే ముందే జవాబివ్వాలని నిన్ను ఒత్తిడి చేయకూడదు. అలా ఒప్పుకున్న యూనివర్సిటీల జాబితా ఆ కౌన్సిల్ సైట్‌లోనే ఉంటుంది. ఎవరైనా మార్చిలోనే తేల్చమంటే, జాబితాలో పేరు చూసుకుని, ఆ తీర్మానాన్ని ప్రస్తావిస్తూ మర్యాదగా గడువు అడుగు. ఫండింగ్ లేని ఎంఎస్ ఆఫర్‌కు ఇది వర్తించదు, దాని డిపాజిట్ గడువు వేరు. మనం అమెరికా తూర్పు తీరం కంటే ఏప్రిల్‌లో తొమ్మిదిన్నర గంటలు ముందుంటాం కానీ ఆఖరి రాత్రి దాకా ఆగకు, 14నే ముగించు.

చేరనని తేలిన చోటికి మాత్రం ఆ రోజే వద్దని రాయి. నువ్వు పట్టుకుని కూర్చున్న సీటు కోసం వెయిట్‌లిస్ట్‌లో ఇంకో పిల్ల ఎదురుచూస్తుంటుంది.

నువ్వే వెయిట్‌లిస్ట్‌లో ఉంటే ఒక్క చిన్న మెయిల్ చాలు: ఇప్పటికీ రావాలనే ఉందని, అప్లికేషన్ తర్వాత కొత్తగా జరిగింది, అంటే పేపరు అంగీకారమో, సెమిస్టర్ మార్కులో. మొదటి ఎంపిక అని నిజమైతేనే రాయి. వారం వారం గుర్తుచేయకు. కదలిక ఎక్కువగా ఏప్రిల్ 15కి ముందు వారంలో, ఆ తర్వాత కొన్ని రోజుల్లో ఉంటుంది.

మార్చి ఆఖరుకూ ఏ కబురూ లేకపోతే పోర్టల్, స్పామ్ చూసుకుని, డిపార్ట్‌మెంట్‌లో అడ్మిషన్ పనులు చూసే గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కి రెండు వాక్యాలు రాయి. ప్రొఫెసర్‌కి కాదు. నాన్న చేత ఫోన్ చేయించకు, వాళ్లు తల్లిదండ్రులతో మాట్లాడరు.

రాకపోతే కుంగిపోకు తల్లీ. నీ ఏరియాలో ఆ ఏడాది ఎవరికి గ్రాంటు లేదో, ఎవరు విద్యార్థుల్ని తీసుకోవడం లేదో మనకు కనపడదు. మార్కులు తక్కువై రాలేదని తేల్చుకోకు. మళ్లీ అప్లై చేస్తే మాత్రం అదే ఫైలు పంపొద్దు. క్లాసులో పాఠం చెప్పిన సార్ రాసిన సిఫారసు లెటర్ స్థానంలో, నీతో పరిశోధన చేయించినవాళ్లు రాసిన లెటర్ ఒక్కటి చేరినా తేడా ఉంటుంది.

కాగితాల సంగతి. అడ్మిషన్ లెటర్‌లో "డిగ్రీ పూర్తయినట్టు రుజువు" అనే షరతు ఉంటుంది. ఆఖరి సెమిస్టర్ ఫలితాలు రాగానే పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కుల మెమో)కి దరఖాస్తు పెట్టు, ట్రాన్స్‌క్రిప్ట్‌లు వేరుగా అడగాలి. ఫండింగ్ పూర్తిగా లేని చోట ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) కోసం మొదటి ఏడాది ఖర్చుకు డబ్బు ఉన్నట్టు చూపాలి. బ్యాంకు బ్యాలెన్స్, ఎఫ్‌డీలు, లోను శాంక్షన్ లెటర్ పనికొస్తాయి. తెనాలి పొలం, అమరావతి స్థలం విలువ లెక్కలోకి రాదు. ఐ-20 వచ్చాక సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు, ఆపైన డీఎస్-160 అనే వీసా దరఖాస్తు, హైదరాబాద్‌లో వీసా ఇంటర్వ్యూ. కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు అక్కడ దిగనివ్వరు, టికెట్ ఆ లెక్కన కొను.

ఇంకొకటి, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందేమో ఈ వారమే చూడు. మనవైపు పిల్లలకు ఇది తరచూ జరుగుతుంది. అలాగే వదిలేస్తే వీసాలో నీ పేరు ఇంటిపేరు స్థానంలోకి పోయి, ముందు "ఎఫ్ఎన్‌యూ" (మొదటి పేరు తెలియదు అని అర్థం) అని పడుతుంది. సరిచేయించాలంటే విజయవాడ పాస్‌పోర్టు సేవా కేంద్రంలో ఇప్పుడే స్లాట్ తీసుకో, ఐ-20 మీద పేరు కొత్త పాస్‌పోర్టులో ఉన్నట్టే రావాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న