నెలలు నిండని పాపకు ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూ) రక్తంలో ఇన్‌ఫెక్షన్ వస్తే మేం ఏం చేయగలం?

30 వారాలకే పుట్టిన మీ పాపకు పదో రోజున రక్తంలో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ అన్నారని రాశారు. ఇది మా వల్ల వచ్చిందా, చెన్నైలోనే వేరే ఆసుపత్రికి మార్చాలా, తల్లి పాలు ఆపాలా అని అడిగారు. మూడేళ్ల కిందట ఇదే ఊళ్లో ఇలాంటి అద్దం బయటే నేనూ నిలబడ్డాను. నేను డాక్టర్ని కాను, మందుల విషయంలో మీ డాక్టర్ మాటే వినండి. తండ్రిగా నాకు తెలిసింది చెబుతాను.

మాది నెల్లూరు. మా ఆవిడకు బీపీ విపరీతంగా పెరిగితే 29వ వారంలో అంబులెన్సులో చెన్నై తెచ్చాం. బాబు 1,060 గ్రాములతో పుట్టాడు. మొదటి వారం బాగానే గడిచింది. ఎనిమిదో రోజు రాత్రి రెండింటికి ఫోన్ వచ్చింది. బాబు మధ్యమధ్యలో ఊపిరి ఆపేస్తున్నాడు, గుండె వేగం పడిపోతోంది, పట్టిన పాలు అరగడం లేదు అన్నారు. జ్వరం ఉందా అని అడిగాను. లేదు, ఒళ్లు చల్లబడింది అన్నారు. ఇంత చిన్న పిల్లల్లో ఇన్‌ఫెక్షన్ చాలాసార్లు ఇలాగే బయటపడుతుందట.

ఇది మీ వల్ల రాలేదు. తల్లి నుంచి బిడ్డకు అందే యాంటీబాడీల్లో ఎక్కువ భాగం చివరి నెలల్లోనే వెళ్తుంది. మీ పాప అవి అందుకోకముందే బయటికొచ్చేసింది. చర్మం ఉల్లిపొరలా ఉంటుంది. దానికి తోడు నరంలోకి ఒక గొట్టం, ఊపిరికి ఒకటి, పాలకు ఒకటి. బిడ్డను బతికించే ఆ గొట్టాలే క్రిములకూ దారి అవుతాయి. పుట్టిన 72 గంటల తర్వాత వచ్చే ఇన్‌ఫెక్షన్ ఎక్కువగా వార్డు నుంచే అంటుకుంటుంది. మన దేశంలో ఎన్‌ఐసీయూల్లో తరచుగా కనిపించే క్రిముల్లో క్లెబ్సియెల్లా ఒకటి. మా ఆవిడ మాత్రం ఐదో నెలలో తమ్ముడి పెళ్లికి బస్సులో వెళ్లినందుకే ఇలా అయిందని కుమిలిపోయింది. మా అత్తగారు దిష్టి అన్నారు. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. ఆ మాటలు మీ ఆవిడ చెవిన పడకుండా చూసుకోండి.

అన్నిటికంటే కష్టమైనది కల్చర్ రిపోర్టు, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష ఫలితం, కోసం ఎదురుచూడటం. రక్తం తీసి పంపుతారు కానీ రిపోర్టు వచ్చేదాకా ఆగరు, వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెడతారు. ఆగితే గంటల్లోనే పరిస్థితి చేయి దాటిపోవచ్చు. క్రిమి పెరుగుతోందో లేదో సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తెలుస్తుంది. ఏ మందుకు లొంగుతుందో ఆ తర్వాత తేలుతుంది. మాకు మూడో రోజు మందు మార్చి మెరోపెనెమ్ పెట్టారు. అంటే ఇన్నాళ్లూ తప్పు మందు ఇచ్చారా అని డ్యూటీ డాక్టరమ్మ మీద అరిచేశాను. ఆవిడ ఓపిగ్గా రిపోర్టు తెచ్చి చూపించారు. ముందు వాడిన మందు పక్కన ‘ఆర్’ అని ఉంది, అంటే క్రిమి దానికి లొంగదు. మెరోపెనెమ్ పక్కన ‘ఎస్’ ఉంది, అంటే దానికి లొంగుతుంది. మీరూ ఆ కాగితం అడిగి చూడండి, టెన్షన్ కొంత తగ్గుతుంది.

వెన్నులోంచి నీరు తీస్తామంటే వద్దనకండి. కాళ్లు పడిపోతాయని మా నాన్న భయపడితే నేను సంతకం పెట్టడానికి ఒక పూట ఆలస్యం చేశాను. అలా చేసి ఉండకూడదు. సూది వేసేది వెన్నుపాము ముగిసే చోటుకి కింద. ఇన్‌ఫెక్షన్ మెదడు పొరలకు పాకిందో లేదో తెలిస్తేనే మందు ఎన్నాళ్లు ఇవ్వాలో తేలుతుంది. రక్తంలోనే ఉంటే సాధారణంగా 10 నుంచి 14 రోజులు, పొరలకు పాకితే కనీసం 21 రోజులు. మా బాబుకు పాకలేదు.

ఆసుపత్రి మార్చే ఆలోచన మాకూ వచ్చింది. వెంటిలేటర్ మీద, బీపీ పడిపోకుండా మందు ఎక్కుతున్న కిలో బిడ్డను ట్రాఫిక్‌లో తీసుకెళ్లడమే ఒక గండం. రాత్రిపూట నవజాత శిశువుల డాక్టర్ ఉంటారా, ప్లేట్‌లెట్లు కావాలంటే వెంటనే దొరుకుతాయా, ఒక్కో నర్సు ఎంతమంది పిల్లల్ని చూస్తోంది, ఇవి అడగండి. వాటిలో పెద్ద లోటు కనిపిస్తేనే, పాప కాస్త నిలదొక్కుకున్నాక, ఇంక్యుబేటర్ ఉన్న అంబులెన్సులో మార్చే సంగతి మాట్లాడండి.

పాల విషయం మాత్రం గట్టిగా చెబుతాను. ఆపకండి. పాపకు కొన్నాళ్లు పాలు పట్టడం ఆపినా తల్లి పిండటం ఆపకూడదు. ఆపితే పాలు ఎండిపోతాయి, పాప తేరుకునే నాటికి ఉండవు. మా ఆవిడ లాడ్జి గదిలో రాత్రింబవళ్లు మూడు గంటలకొకసారి పిండేది. నేను ఐస్ డబ్బాలో పెట్టుకుని నడిచి వెళ్లి ఇచ్చేవాణ్ని. ఒక్కోసారి సీసా అడుగున అంగుళం కూడా ఉండేది కాదు. బాబు కడుపుకు పాలు ఆపిన రోజుల్లో కూడా నర్సు ఆ పాలే రెండు మూడు చుక్కలు బుగ్గ లోపల రాసేది.

ఆ నర్సు నన్ను చూసినప్పుడల్లా ‘కై కళువిట్టీంగళా?’ అనేది, చేతులు కడుక్కున్నారా అని. ఉంగరం, వాచీ, చేతికి కట్టుకున్న దారాలు అన్నీ తీయించి, మోచేతి దాకా కడిగించేది. మా అత్తగారు పెంచలకోన గుడి నుంచి తెచ్చిన దారం బాబుకు కట్టాలని ఏడ్చారు. దారంలో క్రిములు నిలుస్తాయని నర్సు ఒప్పుకోలేదు. దాన్ని ఇంట్లో దేవుడి దగ్గరే పెట్టాం.

పాప నిలకడగా అయ్యాక కంగారూ కేర్ ఎప్పుడు మొదలుపెడదామని మీరే అడగండి. 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైన పద్ధతి ఇది, బిడ్డను ఒట్టి ఛాతీకి ఆనించి పడుకోబెట్టుకోవడం. రోజుకు ఎనిమిది గంటలకు తగ్గకుండా ఉంటే మంచిదంటారు. తండ్రి కూడా చేయొచ్చు. 19వ రోజు మావాడు మొదటిసారి నా గుండె మీద పడుకున్నాడు. మానిటర్‌లో వాడి ఆక్సిజన్ అంకె 96 దగ్గర నిలబడిపోయింది.

ఇంకో రెండు పరీక్షలు ఇప్పుడే రాసిపెట్టుకోండి. నెలలు నిండని పిల్లల కంటి రెటీనా పరీక్ష పుట్టిన నాలుగు వారాల లోపు జరగాలి. అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ మందులు వాడి ఉంటే డిశ్చార్జికి ముందు వినికిడి పరీక్ష చేయించాలి. ఆ హడావుడిలో ఎవరూ గుర్తు చేయకపోయినా మీరే తేదీ అడగండి.