క్లెయిమ్ కేసుల ఆఫీసు పెట్టిన మేనకోడలికి

చి. అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

సీనియర్ లాయరు దగ్గర మానేసి, నీ స్నేహితురాలితో కలిసి గుంటూరు బ్రాడీపేటలో యాక్సిడెంట్ క్లెయిములకే ఆఫీసు పెట్టావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మొదటి అవార్డు, అదే పరిహారం ఇమ్మన్న తీర్పు, వచ్చిందని, అప్పుడే ఒక జూనియర్ కూడా చేరాడని విని ఇక్కడ విజయవాడలో ఇరుగుపొరుగు అందరికీ చెప్పుకున్నాను. ఆ తర్వాత మీ అమ్మ ఇంకో మాట అంది. ఆసుపత్రి దగ్గర తిరిగే ఒకాయన నెలనెలా కేసులు పంపిస్తానన్నాడట, నువ్వు ఆలోచిస్తున్నావట. ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు. ఫోన్ చేస్తే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే ఓపీ, అంటే పరిహారం పిటిషన్, వెయ్యాలన్న నిబంధన మళ్లీ వచ్చింది కాబట్టి, దినకర్మ అయ్యాక వస్తామన్న వాళ్లకు నువ్వే ఫోన్ చేసి గుర్తుచెయ్యి. ఎఫ్ఐఆర్, చార్జిషీటు, బండిని చూసిన వెహికల్ ఇన్‌స్పెక్టరు (ఎంవీఐ) రిపోర్టు నకళ్లకు క్లయింట్లను స్టేషన్ చుట్టూ తిప్పకు, గుమాస్తాను పంపు.

వయసు దగ్గర మాత్రం ఏమరుపాటు వద్దు. పోస్టుమార్టం రిపోర్టులో డాక్టరు చూపుకు తోచిన వయసు రాస్తాడు, ఆధార్‌లో ఇంకొకటి ఉంటుంది. వయసుకు ఆధార్ రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పనే చెప్పింది. ఊళ్లో బడికి పోయి టీసీ తెప్పించు. ఏడాది ఆదాయాన్ని హెచ్చవేసే అంకె, అదే మల్టిప్లయర్, 40 ఏళ్లయితే 15, 41 అయితే 14. నెలకు 12,000 సంపాదించే మనిషి, వెనక ముగ్గురు ఆధారపడ్డవాళ్లు అనుకో. సొంత ఖర్చు కింద మూడోవంతు తీసేస్తే ఏడాదికి 96,000. భవిష్యత్తులో పెరిగే ఆదాయం కలపకుండానే, ఆ ఒక్క ఏడాది తేడాకు వాళ్లు పోగొట్టుకునేది అంత.

ఇప్పుడు ఆ ఆసుపత్రి మనిషి సంగతి.

నేను గుమాస్తాగా ఉన్న ఆఫీసులో మా సీనియర్ గారు వాదనలో పులి. పైసా తినే మనిషి కాదు. ఆయన చేసిన తప్పు ఒక్కటే, కేసు తెచ్చినవాడికే క్లయింటును అప్పగించడం. లారీ కింద పడి పోయిన ఒక హమాలీ కేసు అలాగే వచ్చింది. భార్య, ఇద్దరు పిల్లలు. అవార్డు బాగానే వచ్చింది. ఆ డబ్బు తీసుకోవడానికి వేసిన చెక్ పిటిషన్ ఆర్డరయ్యాక సీనియర్ గారు పాస్‌బుక్కు, చెక్‌బుక్కు ఆ దళారీ చేతిలోనే పెట్టి "బ్యాంకు పనులు నువ్వు చూసుకో, ఆమెకేం తెలుసు" అన్నారు. వాడు ఆమెను టీకొట్టు బల్ల మీద కూర్చోబెట్టి ఖాళీ చెక్కుల మీద సంతకాలు చేయించాడు. కష్టపడి సంతకం నేర్చుకున్న మనిషి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పెట్టింది.

కొన్నాళ్లకు ఆమె ఆఫీసుకొచ్చింది. పాలిథిన్ కవరు విప్పి పాస్‌బుక్కు నా ముందుంచి, "ఇందులో ఎంతుందో చూసి చెప్పండి బాబూ, పెద్దోణ్ణి కాలేజీలో చేర్పించాలి" అంది. చివరి గీత దగ్గర నాలుగొందల చిల్లర. పిల్లల వాటా కోర్టు ఎఫ్‌డీలో వేయించబట్టి అదొక్కటే మిగిలింది. వాడిని అడిగితే ఖర్చులు, కమీషన్ అంటూ వేళ్లమీద లెక్క చెప్పాడు. సీనియర్ గారు తన జేబులోంచి కొంత ఇచ్చారు. ఆమె తీసుకుంది గానీ, ఆయన మొహం చూడలేదు.

పరిహారం నేరుగా బాధితుల ఖాతాలోకే పడాలని 2025లో సుప్రీంకోర్టు చెప్పిందిగా మామయ్యా అంటావు. మంచిదే. ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉందో కోర్టుకేం తెలుస్తుంది? డబ్బు పడిన రోజు నువ్వే ఆమెను బ్యాంకుకు తీసుకెళ్లు, పిన్ను ఆమె చేతే మార్పించు. ఫీజు ముందే ఇంత అని కాగితం మీద రాసివ్వు. అవార్డులో వాటా అడగడం బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం తప్పు. పదిమందీ చేస్తున్నారని నువ్వూ చేశావో, నీ గడప తొక్కను. కేసులు లేక టెన్షన్‌గా ఉంటే చెప్పు, ఆర్నెల్లు అద్దె నేను కడతాను. పెన్షన్ లేదు కానీ నాకు ఖర్చు మాత్రం ఏముంది?

ఇంకోటి. మీ గది రెండో అంతస్తులోనట, లిఫ్ట్ లేదట. కాలు విరిగినవాళ్లు, కర్రలతో వచ్చేవాళ్లు ఎలా ఎక్కుతారే, తెలివి ఉండక్కర్లా? కింద ఏ జిరాక్స్ షాపు వాడితోనైనా మాట్లాడి రెండు కుర్చీలు వేయించు, నువ్వే దిగి మాట్లాడు. ఓనరుకు అడ్వాన్సు ఎంతిచ్చావో జవాబులో రాయి. అగ్రిమెంటు ఫోటో తీసి పంపు, నేను చూస్తాను.

మీ మామయ్య