గోడ ఆరకుండా రంగు వేయించకే అమ్మడూ

అమ్మడూ,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, విజయవాడ ఫ్లాట్ బాగు చేయిస్తున్నావంట, బడ్జెట్ లక్షన్నరంట, నానమ్మ సామాన్లు ఒక్కటి కూడా అమ్మనన్నావంట. ఆ మాటకి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయే. తర్వాత "వచ్చే వారం పెయింటర్ వస్తున్నాడు" అంది చూడు, అప్పట్నుంచి నిద్ర లేదు. జులైలో, ఈ వానల్లో పెయింటింగ్ ఏంటే?

మామూలు విషయాలు నీకు తెలిసినవే. వైరింగ్ ముందు చూపించు, 95లో కట్టిన ఇల్లు, ఆ పాత వైర్ల మీద ఏసీ, గీజర్ పెట్టకు. మొజాయిక్ మీద టైల్స్ వద్దు, మెషీన్ పాలిష్ పెట్టిస్తే చాలు, టైల్స్ వేస్తే ఫ్లోర్ ఎత్తు పెరిగి తలుపులన్నీ అడుగున కోయించాలి. టేకు సామాను నల్లబడి ఉంది కాబట్టి గోడలకి గంధం రంగో మీగడ రంగో వేయించు, అప్పుడే ఆ చెక్క కళగా కనపడుద్ది. కర్టెన్లు కొనకు, మీ అమ్మ దగ్గర కట్టకుండా పెట్టిన మంగళగిరి చీరలు అరడజను ఉన్నాయి, నేను చూశా.

ఇప్పుడు అసలు సంగతి. పడకగదిలో పైవాళ్ళ బాత్రూమ్ కిందున్న గోడ. పోయినసారి వచ్చినప్పుడు చూశా, మూల చెమ్మ పట్టి పెయింట్ పొక్కులు లేచింది, చేత్తో నొక్కితే సున్నం పొడిలా రాలింది. నువ్వేమో "పుట్టీ పెట్టేస్తే పోతుందిలే అత్తా" అన్నావు. సరిగ్గా ఇదే మాట నేనూ అన్నా, 1998లో, గుంటూరు ఇంట్లో.

మా పెద్దదాని ఓణీల ఫంక్షన్ పదిహేను రోజులుంది. పెయింటర్ పాపం చెప్పాడు, గోడ తడిగా ఉందమ్మా, ఆరాక చేద్దాం అని. నేనే వినలా. రెండు కోట్లు పుట్టీ, పైన లేత గులాబి రంగు, ఫంక్షన్‌కి వచ్చినోళ్ళంతా మెచ్చుకున్నారు. అప్పటికే ఒక పొక్కు లేచింది, అది కనపడకూడదని అమ్మ టేకు బీరువా తెచ్చి అంగుళం సందు లేకుండా ఆ గోడకి ఆనించి పెట్టా. అమ్మ పోయి అప్పటికి ఏడాదే.

వానలు వెళ్ళి దీపావళికి చీరలు తీద్దామని తలుపు తెరిస్తే తడి మట్టి వాసన. అమ్మ పసుపు రంగు ఉప్పాడ చీర మడత పట్టుకుని ఎత్తితే పై రెండు మడతలే చేతిలోకి వచ్చాయే, మిగతాదంతా జల్లెడ. బీరువా జరిపిస్తే గోడ మీంచి వెనక పలక దాకా మట్టి గొట్టాలు, ముసలివాళ్ళ చేతి మీద నరాలు ఉబ్బినట్టు. టేకుకి ఏం కాలా, వెనకేసిన మామిడి పలకలో మాత్రం వేలితో పొడిస్తే వేలు దిగిపోయింది. చెదలకి కావాల్సింది తడే, ఆ తడిని రంగు కింద దాచిపెట్టింది నేనే.

మీ నాన్నకి ఫోన్ చేసి ఏడ్చా. తిడతాడనుకున్నా, ఒక్క మాట అనలా. ఆదివారం మొదటి బస్సుకే దిగాడు, గోనెపట్టాలో చుట్టిన పలక భుజాన వేసుకుని. ఊళ్ళో గాలివానకి పడిపోయిన మన వేపచెట్టుదంట, వేపకి చెద తొందరగా పట్టదక్కా అన్నాడు. అన్నానికి లేవమన్నా లేవకుండా సాయంత్రం దాకా కూర్చుని తనే బిగించాడు. ఆ తర్వాత ఆ బీరువాని చూస్తూ ఉండలేక నేనే మీ ఇంటికి పంపించేశా.

అందుకే చెప్తున్నా, విను. ముందు పైవాళ్ళ దగ్గరికి వెళ్ళు, గొడవకి కాదు, ఒక స్వీట్ బాక్స్ పట్టుకుని వెళ్ళు, వాళ్ళ బాత్రూమ్‌లో నీళ్ళు పోయే జాలీ చుట్టూ, టైల్స్ సందులూ చూపించి లీకు ఆపించు. గోడ మీద మచ్చ అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేసుకో, వారం తర్వాత మచ్చ గీత దాటిందంటే నీళ్ళు ఇంకా వస్తున్నట్టే. ఆగాక పాడైన ప్లాస్టరింగ్ కొట్టించి, కొత్తది చేయించి, ఫ్యాన్ పెట్టి ఆరనివ్వు. ఆరిందో లేదో తెలియాలంటే మూరెడు పాలిథిన్ కవరు గోడకి పెట్టి నాలుగు వైపులా టేపు వేసి రెండ్రోజులు ఉంచు, లోపల చెమట పడితే ఇంకా తడుందని. దసరా దాటితే దాటనీ, ఎవరు తరుముతున్నారు నిన్ను? సామాను ఏదైనా గోడకి నాలుగు వేళ్ళ ఎడం పెట్టు. మొండిదానివి, అంతా మీ నాన్న పోలికే, అందుకే ఇన్నిసార్లు చెప్పాల్సొస్తుంది. శుక్రవారం బస్సుకి వస్తున్నా, నేనొచ్చేదాకా పెయింటర్‌ని ఆగమను.

పాలిష్ అతనొస్తే బీరువా ముందూ పక్కలూ ఎంత మెరిపిస్తాడో మెరిపించనీ. వెనక్కి తిప్పితే కింద ఒక పలక రంగు వేరుగా ఉంటుంది, మేకులు కూడా కొంచెం వంకరగా దిగి ఉంటాయి. దాన్ని మాత్రం ముట్టుకోనివ్వకమ్మా.

మీ అత్త