ఎన్నారై సందేహాలు: ఎండ కాసినప్పుడే మంచు జారుతుంది

ప్రశ్న: మాది గుణుపురం. మా తమ్ముడు అమెరికాలో సియాటిల్ దగ్గరి రెడ్‌మండ్‌లో ఉద్యోగంలో చేరి ఏడు నెలలైంది. ఏప్రిల్‌లో ఎండలు బాగున్నాయని, స్నేహితులతో కలిసి స్నో లేక్ అనే కొండ సరస్సు దాకా కొండదారిన నడిచి వెళ్తానంటున్నాడు. చలికాలం పోయింది కదా, ఇంకా భయపడాలా?

జవాబు: నేను పద్దెనిమిదేళ్లుగా సియాటిల్ పక్కనే ఉంటున్నాను. సెలవుకు వచ్చి, పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఈ జవాబు రాస్తున్నాను. మీ తమ్ముడు ఎక్కడ పొరబడుతున్నాడో ఇక్కడి నుంచి చూస్తే బాగా అర్థమవుతోంది. మన గజపతి, రాయగడ జిల్లాల వాళ్లకు కొండ అంటే వానలోనే భయం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వానలకు బరఘరాలో కొండచరియ విరిగిపడి పలువురు మరణించిన సంగతి ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. మనకు ఎండ కాసిందంటే గండం గడిచినట్టే. మంచు కొండ మీద మాత్రం వాన చేసే పనిని ఎండ కూడా చేస్తుంది.

చలికాలమంతా పొర మీద పొరగా పేరుకున్న మంచును పైనుంచి ఎండ కరిగిస్తే, ఆ నీరు లోపలికి ఇంకుతూ పోయి, గట్టి పొర అడ్డు తగిలినచోట నిలిచి, రేణువుల మధ్య ఉన్న పట్టును వదిలించేస్తుంది. వాలు 30 నుంచి 45 డిగ్రీలుంటే మంచు చరియ జారడానికి అంతకంటే అనువు అక్కర్లేదు. మన డాబా మెట్ల వాలు కూడా ఇంచుమించు 30 డిగ్రీలే కనుక, అదేమంత నిటారు కొండ కాదని గ్రహించాలి. 1910 మార్చి 1న స్టీవెన్స్ కనుమ దగ్గర వెల్లింగ్టన్‌లో ఆగి ఉన్న రైళ్లను మంచు చరియ లోయలోకి నెట్టేసి 96 మందిని బలిగొన్నది కూడా, రోజుల తరబడి మంచు కురిశాక వాతావరణం వేడెక్కి వాన పడినప్పుడే.

కాబట్టి చూడవలసింది ముందటి రాత్రిని. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి మంచు తన వేడిని పైకి వదిలేసి గడ్డకడుతుంది. మబ్బు పట్టిన రాత్రి మాత్రం దుప్పటి కప్పుకున్నట్టు మెత్తగానే మిగిలిపోతుంది. గడ్డకట్టిన మంచు మీద తెల్లవారుజామునే బయలుదేరి, ఎండ ముదరకముందే వాలు దిగిపోవాలి. తూర్పు వాలు ముందుగా, తరువాత దక్షిణం, ఆపైన పడమర వేడెక్కుతాయి.

నేను వెళ్లిన తొలి ఏడాది ఈ సంగతులేవీ తెలియక, నలుగురం పులిహోర డబ్బాలు పట్టుకుని అదే స్నో లేక్ దారిన తొమ్మిదింటికి బయలుదేరాం. మొదట బూటు కింద మంచు సిమెంటు గచ్చులా టకటకమన్నది. పదకొండయ్యేసరికి కాలు మోకాలిదాకా దిగబడుతోంది. పై వాలు నుంచి నిమ్మకాయంత మంచు ఉండలు వాటంతటవే దొర్లుతూ, దొర్లేకొద్దీ లావెక్కుతూ మా దారికి అడ్డంగా వచ్చాయి. మేము వాటిని ఫొటోలు తీస్తున్నాం! ఎదురొచ్చిన ఒక పెద్దాయన ఆ ఉండలను చూపించి వెనక్కి మళ్లించాడు. కారు దగ్గర కూర్చుని తింటుండగా మేము నిలబడిన వైపు నుంచి ఉరుము లాంటి చప్పుడు వినిపించింది. ఆ పులిహోర ఎవరం పూర్తిగా తినలేదు.

దారి చదునుగా ఉన్నా పైనున్న వాలు తలెత్తి చూడాలి. చెట్లు ఒకవైపే కొమ్మలతో నిలిచినా, పొదలన్నీ కిందికి వంగి ఉన్నా, అది చరియలు దిగే దారి. అక్కడ ఆగకూడదు, దాటేటప్పుడు ఒకరి తరువాత ఒకరు దాటాలి. మంచు చరియల హెచ్చరికలిచ్చే నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ ప్రకటించే ప్రమాద స్థాయిని ముందురోజు సాయంత్రమూ బయలుదేరే ఉదయమూ చదవాలి. అయిదు స్థాయిల్లో మూడోదాన్ని మధ్యస్థం కదా అని తేలిగ్గా తీసుకోవడం మనవాళ్లకు అలవాటు. చాలా మరణాలు ఆ స్థాయి రోజుల్లోనే జరుగుతాయి.

ట్రాన్స్‌సీవర్ (మంచులో కూరుకుపోయినవాళ్ల జాడ తెలిపే రేడియో పరికరం), మంచులో గుచ్చి వెతికే పొడవాటి ప్రోబ్ కడ్డీ, పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. ఒక్కరి దగ్గర ఉండి లాభం లేదు, ఎందుకంటే కూరుకుపోయినవాడు తనను తాను తవ్వుకోలేడు. ఆగిన మంచు సిమెంటులా బిగుసుకుంటుంది, పావుగంట దాటితే బతికే అవకాశం వేగంగా పడిపోతుంది. అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేసినా అంతలో ఎవరూ చేరుకోలేరు. ట్రాన్స్‌సీవర్ 457 కిలోహెర్ట్జ్ సంకేతాన్ని సెల్‌ఫోన్ చెడగొడుతుంది కనుక వెతికేటప్పుడు ఫోన్‌ను కనీసం అర మీటరు దూరంలో ఉంచాలి. వీటిని వాడడం వీడియోలు చూస్తే రాదు, మూడు రోజుల ప్రాథమిక శిక్షణ తీసుకోవాలి.

మీ తమ్ముడి దగ్గర ఇవేవీ లేకపోతే స్నో లేక్‌ను జూలై నెలాఖరుకు వాయిదా వేయమనండి. ఈలోగా రాటిల్‌స్నేక్ లెడ్జ్ లాంటి తక్కువ ఎత్తు అడవి దారులున్నాయి. బిగ్ ఫోర్ మంచు గుహల్లోకి మాత్రం ఎండాకాలంలోనూ అడుగు పెట్టొద్దని చెప్పండి. చరియలు పడి పేరుకున్న మంచే ఆ గుహలు, 2015 జూలైలో అవి కూలి మనుషుల ప్రాణాలు పోయాయి.