వాగు దాటేటప్పుడు

హైదరాబాదు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

సోన్‌మార్గ్ నుంచి నారానాగ్ దాకా కాశ్మీరు కొండ సరస్సుల దారిలో నడవబోతున్నావని మీ నాన్న చెప్పగానే గర్వంగా అనిపించింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

కొత్త బూట్లు ఇప్పటినుంచే తొడుక్కుని గోల్కొండ మెట్లెక్కు. ఇక్కడి ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ తీసుకో. మన ఊరు 500 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటే మీ దారిలోని గడ్‌సర్ కనుమ సుమారు 4,200 మీటర్లు. తలనొప్పి, వికారం వస్తే దాచుకోకు, ముదిరితే కిందికి దిగడమే మందు.

ఎత్తుకన్నా నాకు వాగులంటేనే భయం. నా ముప్పయ్యో ఏట అదే దారిలోని నిచ్‌నాయ్ లోయలో, పొద్దున గుర్రాలవాళ్లకు చీలమండ దాకానే వచ్చిన వాగు, మేము దారి పొడవునా ఫోటోలు తీసుకుంటూ రెండు గంటలకు చేరేసరికి తొడల దాకా పెరిగింది. చినుకైనా పడలేదు. ఎండకు పైన కరిగిన మంచు మధ్యాహ్నానికి కిందికి చేరుతుందని, వానకు పొంగే మూసీని మాత్రమే ఎరిగిన నాకు తట్టలేదు. తడుస్తాయని బూట్లు విప్పి మెడలో వేసుకుని, వీపుసంచి బెల్టు నడుముకు బిగించి దిగాను. నాలుగడుగులకే పాదాలు మొద్దుబారాయి. కింద రాయి ఉందో ఇసుక ఉందో తెలియలేదు. రాయి దొర్లి పడిపోయాను. నీళ్లు పీల్చిన సంచి నన్ను వెల్లకిలా తిప్పేసింది, కొంకర్లు పోయిన వేళ్లకు బెల్టు ఊడిరాలేదు. గుర్రాలాయన ఒకాయన దిగి సంచి పట్టీ పట్టి ఒడ్డుకు లాగాడు. వణుకుతూ ఆయన పేరైనా అడగలేదు. అది ఇప్పటికీ బాధే.

అందుకని తల్లీ, తెల్లవారగానే బయల్దేరి వాగులు దాటేయి. బూట్లు తడిస్తే తడవనీ, నడుము బెల్టు మాత్రం విప్పు. ప్రవాహానికి ఎదురుగా తిరిగి, కర్ర మోపుకుంటూ పక్కకు అడుగులు వెయ్యి. నీరు మోకాలు దాటితే ఆగిపో, మర్నాడు పొద్దున దాటవచ్చు. ఎవరో తొందరపెట్టారని దిగావంటే మాత్రం నేను ఊరుకోను. కోప్పడ్డాననుకోకమ్మా, హుస్సేన్‌సాగర్ గట్టు మీద నా చూపుడువేలు వదలకుండా నడిచిన పిల్లవు, నాకింకా అలాగే కనిపిస్తావు.

విషన్‌సర్ సరస్సు ఒడ్డున మాత్రం తీరిగ్గా కూర్చో. ఆ నీరే కిషన్‌గంగ నదిలోకి పారుతుంది.

నా పాత చేతికర్ర మీ నాన్నతో పంపుతున్నాను, కొనకు కొత్త పొన్ను వేయించాను. విమానంలో చేతిసంచితో రానివ్వరు, పెద్ద సామానులో వెయ్యి.

ఇట్లు,
మీ పెదనాన్న