సోషియాలజీ అంటే పదో తరగతి సోషల్ కాదండీ

ప్రశ్న: మాది జనగామ జిల్లాలో ఒక మండల కేంద్రం. ఎరువులు, పురుగుమందుల దుకాణం నడుపుతాను. మా అమ్మాయి ఈ ఏడాది బీఏ పూర్తి చేసింది. ఎంఏ సోషియాలజీ చేస్తానంటోంది. మా బావమరిది విని, ‘సోషియాలజీ అంటే సోషలే కదా బావా, అది పదో తరగతిలోనే అయిపోయింది’ అని నవ్వాడు. సివిల్స్ మెయిన్స్‌లో మనం ఎంచుకునే ఆప్షనల్ సబ్జెక్టుగా సోషియాలజీ తీసుకుంటే తేలికట, సిలబస్ చిన్నదట. అట్లయితే చదివిద్దామనుకున్నాను. తీరా చూస్తే బీఏలో సోషియాలజీ సిద్ధాంతాల పేపర్‌లోనే అమ్మాయికి మార్కులు తక్కువ వచ్చాయి. ‘మార్క్స్ ఒకటి చెప్తాడు, డర్క్‌హైమ్ ఇంకొకటి చెప్తాడు, ఎవరు కరెక్టో తెలుస్తలేదు నాన్నా’ అంటోంది. అర్థం కాని సబ్జెక్టు ఎందుకు, ఎంబీఏలో హెచ్‌ఆర్ చేయిద్దామని మా ఆలోచన. ఈ టెన్షన్‌తో రాత్రి నిద్ర పట్టడం లేదు, అమ్మాయి మీద విసుక్కుంటున్నాను, చుట్టాల ముందు మాట పడిపోతుందేమోనని భయం. రెండింటినీ పోల్చి చెప్పగలరు.

జవాబు: మీ ఉత్తరంలో అమ్మాయి కంటే మీ బావమరిదే నాకు బాగా కనిపించాడు. ఇరవై ఏళ్లుగా ఇలాంటి ఉత్తరాలు చదువుతున్నాను. ఊరు మారుతుంది, సబ్జెక్టు మారుతుంది, నవ్వే చుట్టం మాత్రం ప్రతి ఉత్తరంలోనూ ఉంటాడు. ఒకసారి పెదనాన్న, ఒకసారి పక్క ఫ్లాటాయన. మీరు పోల్చి చెప్పమన్నారు, చెప్తాను. కానీ మీ అమ్మాయి అడిగిన ప్రశ్నను మీరు తెలివితక్కువతనం కింద జమ కట్టారే, ముందు దాని సంగతి చూద్దాం.

సోషియాలజీ అంటే మనుషులు కలిసి ఎలా బతుకుతున్నారో, ఎందుకలా బతుకుతున్నారో చూసే సమాజశాస్త్రం. జర్మనీకి చెందిన మార్క్స్, ఫ్రాన్స్‌కు చెందిన డర్క్‌హైమ్ దానికి పునాది వేసినవాళ్లలో ఇద్దరు. ‘ఎవరు కరెక్టు’ అని అడిగిందంటే ఆ పిల్ల ఇద్దరినీ చదివింది. గైడు బట్టీ పట్టినవాళ్లకు ఈ ప్రశ్న రాదు. వాళ్లకు మార్క్స్ ఒక ప్రశ్న, డర్క్‌హైమ్ ఇంకో ప్రశ్న, చెరో పది మార్కులు, అంతే.

మీకు నమ్మకం కుదరదు కాబట్టి మీ దుకాణంలోనే కూర్చుని మాట్లాడుకుందాం. జూన్‌లో వాన పడగానే రైతు వస్తాడు. పత్తి విత్తనాల ప్యాకెట్లు, రెండు బస్తాల డీఏపీ కావాలి. చేతిలో డబ్బు లేదు. మీరు ఖాతా పుస్తకం తీసి ఉద్దెర రాసుకుంటారు. పత్తి అమ్మినాక అసలు, మిత్తి కలిపి కడతాడు. మీకిది రోజూ ఉండే వ్యవహారమే.

డర్క్‌హైమ్ దారిలో నడిచినవాళ్లను మన తెలుగు పాఠ్యపుస్తకాలు ప్రకార్యవాదులు అంటాయి. భయపెట్టే మాటే గానీ విషయం చిన్నది. ఒంట్లో ఒక్కో అవయవానికి ఒక్కో పని ఉన్నట్టు, సమాజంలో ప్రతి ఏర్పాటూ ఏదో ఒక పని చేస్తూ మొత్తాన్ని నిలబెడుతుందని వాళ్ల లెక్క. బ్యాంకు చుట్టూ తిరిగేలోపు అదును దాటిపోతుంది, ఆ సందులో మీ దుకాణం ఆదుకుంటుంది. నోటి మాట మీద అంత అప్పు నడుస్తోందంటే ఊళ్లో నమ్మకం ఇంకా పనిచేస్తోందన్నమాట. ఇదే కోవలో అమెరికాలో మెర్టన్ అని ఒకాయన ఇంకో మెలిక పెట్టాడు. కనిపించే పని ఎరువులమ్మడం, కనిపించని పని వేరే ఉంటుందంటాడు. మీ దుకాణం ముందు బెంచీ మీద ఎన్ని పెళ్లి సంబంధాలు కుదిరాయో, ఎన్ని భూముల బేరాలు తెగాయో మీకే తెలియాలి.

అదే ఖాతా పుస్తకాన్ని మార్క్స్ చేతికివ్వండి. ఎవరి పేరు కింద మిత్తి ఎక్కువ పేరుకుందో చూపించమంటాడు. నా అంచనా, అక్కడ కౌలు రైతులే ఎక్కువ ఉంటారు. పట్టా వాళ్ల పేరు మీద ఉండదు కాబట్టి బ్యాంకులో పంట రుణం పుట్టడం కష్టం. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు సీజన్‌కు ఎకరాకు 4,000 రూపాయలు పట్టాదారుకే వెళ్లాయి, దున్నే కౌలుదారుకు రాలేదు. నమ్మకం సంగతి సరే, మీ దగ్గరికి రాకపోతే ఆయనకు ఇంకో దిక్కుందా అని మార్క్స్ అడుగుతాడు. ఈ ప్రశ్న మీకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. ఉండనివ్వండి.

తర్వాత వెబర్ అని ఇంకో జర్మన్ పండితుడు వచ్చి డబ్బు ఒక్కదానితోనే లెక్క తేలదంటాడు. రిటైరైన పంతులు గారు వస్తే మీరు లేచి కుర్చీ వేస్తారు. ఆయనకంటే నాలుగెకరాలు ఎక్కువున్న ఇంకొకాయన కౌంటర్ ముందు నిలబడే సరుకు తీసుకుని పోతాడు. ఎందుకలా జరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. సంపద వేరు, హోదా వేరు, రాజకీయ బలం వేరు, ఒకటి ఉన్నచోట ఇంకొకటి ఉండి తీరాలని లేదని వెబర్ చెప్పింది ఇదే.

ఇక అమెరికాలో పాఠాలు చెప్పిన మీడ్, గాఫ్‌మన్ లాంటివాళ్లు పెద్ద మాటలన్నీ పక్కన పెట్టి మీ నోటి మాటలే వింటారు. ఎవరిని ‘పటేలా’ అన్నారు, ఎవరిని ‘మల్లన్నా’ అన్నారు, ఎవరిని పేరు పెట్టి ‘ఏరా’ అన్నారు. వ్యవసాయాధికారి తనిఖీకి వచ్చిన రోజు మీ స్టాకు బోర్డు మీద ఆ రోజు తేదీ, బస్తా ధర, నిల్వ అన్నీ సుద్దముక్కతో శుభ్రంగా రాసి ఉంటాయి. ఆయన జీపు మలుపు తిరిగాక? మనుషులు రోజూ వేదిక మీద ఒకలా, తెర వెనక ఇంకోలా ఉంటారని గాఫ్‌మన్ 1950ల్లో రాసింది మీ బోర్డుకు అతికినట్టు సరిపోతుంది.

ఇప్పుడు మీరే చెప్పండి, ఎవరు కరెక్టు? నలుగురూ చూసింది ఒకే దుకాణాన్ని. మార్క్స్‌కు కనిపించిన కౌలు రైతు డర్క్‌హైమ్‌కు అంత స్పష్టంగా కనిపించడు. కుర్చీ సంగతి వెబర్‌కు పట్టినంతగా మార్క్స్‌కు పట్టదు. ఏ ప్రశ్నకు ఎవరి చూపు పనికొస్తుందో తెలుసుకోవడమే ఆ పేపర్‌లో నేర్చుకునేది. ఇది అమ్మాయికి ఎవరూ చెప్పలేదు, అందుకే మార్కులు తగ్గాయి. తప్పు ఆమెది కాదు, పాఠం చెప్పిన తీరుది. ‘యాంత్రిక సంఘీభావం, జైవిక సంఘీభావం: భేదాలు రాయుము’ అని అడిగితే ఏ పిల్లకైనా తల తిరుగుతుంది. అందరూ ఒకే పని చేస్తూ, ఒకే దేవుణ్ని మొక్కుతూ కలిసుండడం మొదటిది. తలా ఒక పని చేస్తూ, ఒకరు లేకపోతే ఇంకొకరికి గడవక కలిసుండడం రెండోది. 1893లో డర్క్‌హైమ్ రాసిన ఈ ముక్కను మీ ఊరి పాత వ్యవసాయం పక్కన, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ జీవితం పక్కన పెట్టి చెబితే పది నిమిషాల పని.

ఇవన్నీ పరాయి దేశాల కబుర్లని కొట్టిపారేయడానికీ లేదు. ఉస్మానియాలో పనిచేస్తుండగా ఎస్.సి. దూబే అనే ఆచార్యుడు హైదరాబాద్ పక్కనున్న మన శామీర్‌పేటలో మకాం వేసి ఊరి జీవితాన్ని వివరంగా రాసుకున్నాడు. 1955లో పుస్తకంగా వచ్చింది. భారతీయ గ్రామాల మీద ఇప్పటికీ దాన్ని చదివిస్తారు. మైసూరు వైపు ఎం.ఎన్. శ్రీనివాస్ అనే సమాజశాస్త్రవేత్త ఒక ఊళ్లో ఉండి, సంఖ్యలో, భూమిలో పైచేయి ఉన్న కులం ఊరిని ఎలా నడుపుతుందో చూసి దానికి ‘ప్రాబల్య కులం’ అని పేరు పెట్టాడు. మన పంచాయతీ ఎన్నికల గురించి టీవీల్లో మాట్లాడేవాళ్లు తెలిసో తెలియకో వాడుకునేది ఆయన మాటే. ఆయన సిద్ధం చేసుకున్న నోట్సు 1970లో అమెరికాలో ఎవరో పెట్టిన మంటల్లో కాలిపోతే, జ్ఞాపకం ఉన్నదాంతోనే పుస్తకం రాశాడు. మనుషులను చూశాడు కాబట్టి గుర్తుంది. నిర్వచనాలు మాత్రమే చదివి ఉంటే ఒక్క పేజీ కూడా రాసి ఉండేవాడు కాదేమో.

ఇక సివిల్స్. మీ అసలు ఆశ ఇక్కడుందని నాకు తెలుసు. ఈ విషయంలో నాకు పెద్ద అనుమానాలే ఉన్నాయి.

2017 సివిల్స్‌లో మెట్‌పల్లి అనుదీప్‌కు ఆంత్రోపాలజీ, అంటే మానవశాస్త్రం, ఆప్షనల్‌తో దేశంలో మొదటి ర్యాంకు వచ్చింది. ఆ తర్వాత చాలాకాలం నా దగ్గరికి వచ్చిన పిల్లలంతా ఆంత్రోపాలజీయే అన్నారు. అది ఆయన అయిదో ప్రయత్నం అన్న సంగతి మాత్రం ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు గాలి సోషియాలజీ వైపు తిరిగింది. ‘సిలబస్ చిన్నది, నాలుగు నెలల్లో అయిపోతుంది, జనరల్ స్టడీస్‌కూ పనికొస్తుంది’ అని హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో ఏ కరపత్రం చూసినా ఇదే. ఇందులో కొంత నిజం ఉంది. రెండు పేపర్లు, చెరో 250 మార్కులు. మొదటి దాంట్లో మార్క్స్, డర్క్‌హైమ్, వెబర్, పార్సన్స్ అనే ఇంకో ప్రకార్యవాది, మెర్టన్, మీడ్. రెండో దాంట్లో భారతీయ సమాజం. చిట్టా చిన్నదే. చిట్టా చిన్నదైతే దాన్ని అందరూ పూర్తి చేస్తారు, అప్పుడు మార్కులు పడేది మీ దుకాణాన్ని చూసినట్టు చూడగలిగినవాళ్లకే. పైగా ప్రిలిమ్స్‌లో ఆప్షనల్ అన్నదే 2011 నుంచి లేదు. లక్షల మంది కూర్చునే ఆ మొదటి గడప దగ్గర సోషియాలజీ చేసే సాయం ఏమీ లేదు. పోస్టులేమో ఈమధ్య ఏడాదికి వెయ్యికి అటూ ఇటూగా ఉంటున్నాయి.

నా తప్పొకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల కింద ఒక ఇంజినీరింగ్ కుర్రాడికి నేనే చెప్పాను, ‘సోషియాలజీ తీసుకో నాయనా, ఆరు నెలల్లో అయిపోతుంది’ అని. మూడు ప్రయత్నాల తర్వాత వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. వెబర్ మీద ఏది అడిగినా గడగడా చెప్పాడు. ‘మీ హాస్టల్ మెస్సులో ఎవరు ఎవరితో కూర్చుని తినేవారు?’ అని అడిగితే వింతగా చూశాడు. ఎప్పుడూ గమనించలేదట. ఆ రోజు నుంచి ఏ సబ్జెక్టునూ తేలిక అనడం మానేశాను. కాబట్టి, ‘సివిల్స్ రాస్తానంటేనే ఎంఏ ఫీజు కడతాను’ అనే బేరం అమ్మాయి దగ్గర పెట్టకండి. రాయాలనిపిస్తే రాస్తుంది, అప్పుడు ఈ చదువు అక్కరకొస్తుంది. గ్రూప్-1, గ్రూప్-2ల్లోనూ సమాజం మీద భాగం ఉంది కదా, అక్కడా వృథా పోదు.

పోల్చమన్నారు కదా, ఎంబీఏ హెచ్‌ఆర్. మంచి కాలేజీలో సీటు వచ్చి, ఆమెకు ఇష్టం ఉంటే ఉద్యోగం త్వరగా దొరికే దారి అదే, కాదనను. మామూలు కాలేజీలో ఊరికే సీటుందని చేరితే, రెండేళ్ల తర్వాత ఫోన్లు చేసి రెజ్యూమేలు ఏరే పనితో మొదలవుతుంది. అక్కడా వెబర్ తప్పడు, ఆఫీసు వ్యవస్థ పాఠం ఆయనదే. అమ్మాయికి ఇష్టం ఉందా లేదా అన్నది మీరు ఒక్క లైను కూడా రాయలేదు, అందుకని ఇంతకంటే పోల్చలేను.

ఎంఏ సోషియాలజీకి ఉద్యోగాలు బోలెడున్నాయని అబద్ధం చెప్పను. డిగ్రీ లెక్చరర్ పోస్టుల నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లను చూశాను. నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి, జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలతో పీహెచ్‌డీ చేసుకోవచ్చు, అది గట్టి దారి. హైదరాబాద్‌లో బేగంపేటలోని సెస్, రాజేంద్రనగర్‌లోని గ్రామీణాభివృద్ధి సంస్థ ఎన్‌ఐఆర్‌డీ లాంటి పరిశోధన సంస్థల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, సర్వేల్లో, కంపెనీల్లో సామాజిక సేవ చూసే సీఎస్‌ఆర్ విభాగాల్లో పని దొరుకుతుంది. చాలావరకు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు ఉండే కాంట్రాక్టు కొలువులే. మొదటి మూడు నాలుగేళ్లు మీ బావమరిది కొడుకు జీతం కంటే తక్కువే రావచ్చు. అమ్మాయి ఇంకో పని కూడా చేసుకోవాలి. ఎక్సెల్, గణాంకాల సాఫ్ట్‌వేర్ ఒకటి, ఇంగ్లిషులో తప్పుల్లేకుండా నివేదిక రాయడం. ఈ మూడూ ఎంఏతో పాటే నేర్చుకుంటే కాంట్రాక్టు అయినా ఖాళీగా ఉండదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఉస్మానియా, కాకతీయ ఎలాగూ ఉన్నాయి.

మీ టెన్షన్ గురించి ఒక మాట. సి. రైట్ మిల్స్ అని అమెరికాలో ఒకాయన 1959లో ఒక మాట రాశాడు: ఊరంతటిలో ఒక్కడికి పని లేకపోతే అది వాడి సొంత కష్టం, లక్షల మందికి లేకపోతే అది సమాజం సమస్య, ఒక్కొక్కరి స్వభావంలో కారణం వెతకకూడదు అని. మీకు రాత్రి నిద్ర పట్టకపోవడం, అమ్మాయి మీద విసుక్కోవడం, చుట్టాల ముందు మాట పడిపోతుందేమోనని భయపడడం మీ ఒక్కరి సంగతి అనుకుంటున్నారు. మీలాంటి తండ్రుల ఉత్తరాలు నా టేబుల్ మీద దొంతరగా ఉన్నాయి. ఇంజినీరింగ్ చదివిస్తున్నవాళ్లూ ఇవే మాటలు రాస్తున్నారు. పిల్లలను కంప్యూటర్ సైన్స్‌లో చేర్చినవాళ్లు మీకంటే హాయిగా నిద్రపోతున్నారనుకోవద్దు.

ఒకటి మాత్రం కోపంగానే అడుగుతాను. పిల్ల తనకు అర్థం కానిదాన్ని దాచుకోకుండా ‘తెలుస్తలేదు నాన్నా’ అని మీ దగ్గరికి వచ్చి చెప్పింది. ఎంతమంది పిల్లలు తండ్రితో అలా చెప్తారు? మీరేమో అదే మాటను ఆమెను ఆ చదువు మాన్పించడానికి సాక్ష్యంగా నాకు రాసి పంపారు. ఇంకోసారి ఏదైనా అర్థం కాకపోతే మీకు చెప్తుందనుకుంటున్నారా?

ప్రవేశాలకు ఇంకా టైముంది. ఈ వానాకాలం వారం రోజులు ఆమెను దుకాణంలో కూర్చోబెట్టండి. బస్తాలు అమ్మడానికి కాదు, ఊరికే చూడడానికి. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు ఏం అడిగారు, మీరు ఏమని పిలిచారు, ఒక నోట్‌బుక్కులో రాసుకోనివ్వండి. రాత్రి అన్నాల దగ్గర చదివి వినిపించమనండి. మీకు నచ్చనివి కూడా అందులో ఉంటాయి, మధ్యలో అడ్డుపడకండి. ఖాతా పుస్తకం కూడా ఒకసారి చేతికివ్వండి, కానీ రైతుల పేర్లు మార్చి రాసుకోమని ముందే చెప్పండి. శ్రీనివాస్ కూడా తను ఉన్న ఊరి అసలు పేరు రాయలేదు, రాంపుర అని మారు పేరు పెట్టాడు.