ఎన్నికలు దగ్గరపడితే కంపెనీలు పెట్టుబడులు ఎందుకు ఆపుతాయి?

రేపు పన్నులు, నిబంధనలు ఎలా ఉంటాయో తెలియదు కాబట్టి, పెట్టాక వెనక్కి తీసుకోలేని ఖర్చులను కంపెనీలు వాయిదా వేస్తాయి. జీతాలు, ముడిసరుకు కొనుగోళ్లు మామూలుగానే సాగుతాయి. ఆగేవి కొత్త ఫ్యాక్టరీ, పెద్ద యంత్రాలు, పర్మనెంట్ ఉద్యోగాలు. పునాది వేసి కాంక్రీటు పోశాక దిగుమతి సుంకం మారితే ఆ డబ్బు మళ్లీ చేతికి రాదు. ఆర్నెల్లు ఆగితే పోయేది ఆ ఆర్నెల్ల లాభమే. ఒక్కో కంపెనీకి ఇది సరైన లెక్కే. కానీ అందరూ ఒకేసారి ఆగితే ఆర్డర్లు తగ్గుతాయి, ఉద్యోగం కోసం చూసేవాళ్లకు ఎదురుచూపులే మిగులుతాయి.

2016 జూన్ 23న బ్రిటన్ ప్రజలు యూరోపియన్ యూనియన్ నుంచి తప్పుకోవాలని ఓటేశారు. మర్నాడే పౌండు డాలరుతో పోలిస్తే 1985 తర్వాత ఎప్పుడూ లేనంత కిందికి పడింది. నిజానికి బ్రిటన్ బయటికి వచ్చింది 2020 జనవరి 31న. వాణిజ్య నిబంధనలైతే ఆ ఏడాది చివరిదాకా మారనే లేదు. అయినా ఈలోగా వ్యాపార పెట్టుబడులు దాదాపు ఎదుగూ బొదుగూ లేకుండా ఉండిపోయాయి. ఏ నిబంధనా మారకుండానే, మారతాయన్న టెన్షన్ ఒక్కటే ఇంత పని చేసింది.

స్టాక్ మార్కెట్ కోలుకుంటే గండం గడిచినట్టే అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. లండన్ స్టాక్ మార్కెట్‌లోని వంద పెద్ద కంపెనీల షేర్ల ధరలను చూపే ఎఫ్‌టీఎస్‌ఈ 100 సూచీ, ఆ ఓటు తర్వాత పోయినదంతా వారం తిరక్కముందే తిరిగి తెచ్చుకుంది. అందులోని పెద్ద కంపెనీలకు ఆదాయం ఎక్కువగా విదేశాల నుంచే వస్తుంది. పౌండు పడితే ఆ ఆదాయం పౌండ్లలో ఇంకా పెరుగుతుంది. అంటే సూచీ కోలుకున్నంత మాత్రాన దేశంలో పెట్టుబడులు కోలుకున్నట్టు కాదు.